కుర్చీ జాయింట్లకు మెషీన్ ఎంపిక: ఒక చిన్న వర్క్‌షాపు కేస్ స్టడీ

మా వర్క్‌షాపులో ఎక్కువగా తయారయ్యేవి డైనింగ్ కుర్చీలు, ప్యానెల్ తలుపులు, టేబుళ్లు. చాలావరకు టేకుతోనే. స్క్రూలతో బిగించి పంపే పని తక్కువ. బెజ్జం కొట్టి, అందులోకి టెనన్ (బెజ్జంలో ఇమిడే చెక్క నాలుక) దింపి, జిగురుతో బిగించే పనే మా బతుకుతెరువు. ఆర్డర్లు పెరిగాక పని ఎక్కడ ఆగిపోతోందో వెతకాల్సిన అవసరం రాలేదు. కుర్చీకి సీటు చుట్టూ నాలుగు పట్టీలు, కింద అడ్డపట్టీలు మూడు, వీపు దగ్గర రెండు. ప్రతి పట్టీకీ రెండు చివరలు కాబట్టి ఒక్క కుర్చీలో 18 జాయింట్లు. ఎనిమిది కుర్చీల సెట్టు అంటే 144. చెక్క కోత, చిత్రిక, సాండింగ్ అన్నీ సాఫీగా నడిచి, ఆ 144 దగ్గరికి వచ్చేసరికి అందరూ వరుసలో నిలబడేవారు.

జాయింటు మెషీన్ ఒకటి కొనాలని అప్పుడే అనుకున్నాం. ఒక్కటే కొనగలం, ఏది కొన్నా ఏళ్ల తరబడి దానితోనే పనిచేయాలి. అందుకే బొమ్మలు, వీడియోలు చూసి తేల్చకుండా ముందు మా పనినే గమనించాం.

బెజ్జం కొట్టడానికే ఎక్కువ టైమ్ పోతోందని నా అంచనా ఉండేది. మా పెద్దమేస్త్రి ఒప్పుకోలేదు. "బెజ్జం ఎంతసేపు బాబూ, డ్రిల్ పెట్టి ఉలితో సరిచేస్తే అయిపోతుంది. దానికి టెనన్ దించడమే పొద్దు తినేస్తోంది" అన్నారు. గడియారం పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది. డ్రిల్‌తో తీసి ఉలితో చదును చేసిన బెజ్జాలు ఒకదానికొకటి అచ్చంగా ఉండవు. ఒకటి 10 మి.మీ. వెడల్పు వస్తే ఇంకోటి 10.3 వస్తుంది. దాంతో ప్రతి టెనన్‌నూ దాని బెజ్జానికే సరిచూసి, కాస్త గీకి, మళ్లీ పెట్టి చూసి, కలిసిపోకుండా నంబరు వేయాలి. 144 జాయింట్లంటే 144 సార్లు ఫిట్టింగు.

ఆ గమనింపుతో మేం వెతికేది మారిపోయింది. వేగంగా బెజ్జం కొట్టే మెషీన్ కాదు, అన్ని బెజ్జాలూ ఒకేలా కొట్టే మెషీన్ కావాలి. బెజ్జాలు ఒకేలా ఉంటే ఫిట్టింగు ఒక్క చోట, ఒక్కసారి తేలిపోతుంది. మిగతా నిర్ణయాలన్నీ ఈ మాట నుంచే వచ్చాయి.

జాయింటు ఏం మోయాలి

కుర్చీలో అన్నిటికంటే ఎక్కువ బాధ పడేది వెనక కాలికీ పక్క పట్టీకీ మధ్య ఉన్న జాయింటు. మనిషి వెనక్కి వాలి ముందు కాళ్లు గాల్లోకి లేపితే బరువంతా అక్కడికి చేరుతుంది. పట్టీ మీటలా పనిచేసి, టెనన్ ఒక అంచు దగ్గర లాగుడు, రెండో అంచు దగ్గర నొక్కుడు పుట్టిస్తుంది. ఈ మెలికకు ఎదురు నిలిచేవి టెనన్ ఎత్తు, అది కాలిలోకి దిగిన లోతు. మందం పాత్ర చాలామంది అనుకున్నంత పెద్దది కాదు. సన్నగా, ఎత్తుగా, లోతుగా దిగిన టెనన్ లావుగా, పొట్టిగా ఉన్నదాని కంటే బాగా నిలబడుతుంది.

రెండో విషయం జిగురు. మామూలు తెల్ల జిగురు చెక్క నార వెంబడి ఉన్న రెండు ముఖాల మధ్య చెక్కంత గట్టిగా పట్టుకుంటుంది. నార తెగిన కోత ముఖం మీద మాత్రం అది లోపలికి ఇంకిపోయి బలహీనంగా ఉంటుంది. కాలిలో బెజ్జం నిలువుగా ఉంటుంది కనుక దాని రెండు పొడవాటి గోడలూ నార వెంబడే ఉంటాయి, పైనా కిందా ఉన్న చిన్న గోడలు కోత ముఖాలు. బలమంతా పొడవాటి గోడలదే. అందుకే రౌటర్ (వేగంగా తిరుగుతూ గాడి తీసే మెషీన్) బిట్‌తో తీసిన బెజ్జం చివరలు గుండ్రంగా వచ్చినంత మాత్రాన జాయింటుకు వచ్చే నష్టం ఏమీ లేదు. చతురస్రపు మూలలు లేకపోతే బలం ఉండదనే నమ్మకం మా వృత్తిలో చాలా బలంగా ఉంది. దాన్ని పక్కన పెడితే తప్ప మంచి మెషీన్లలో సగం కంటికి ఆనవు.

మా కుర్చీ పక్క పట్టీ మందం 25 మి.మీ., ఎత్తు 65. కాలు 40 చదరం. దీనికి 10 మి.మీ. మందం, 45 ఎత్తు, కాలిలోకి 30 లోతు ఉన్న టెనన్ కావాలని నిర్ణయించాం. జిగురు పట్టే రెండు బుగ్గలూ (టెనన్ వెడల్పాటి ముఖాలు) కలిపి 2700 చదరపు మి.మీ. ఏ మెషీన్ చూసినా ఈ లెక్కతోనే పోల్చాం.

చూసిన మెషీన్లు

బిస్కట్ జాయినర్ (రెండు ముక్కల్లోనూ గాడి కోసి, మధ్యలో బిస్కట్ అనే పలచటి చెక్క బిళ్ల పెట్టడానికి) మా దగ్గర అప్పటికే ఉంది. స్విట్జర్లాండ్‌లో హెర్మన్ స్టైనర్ 1950ల మధ్యలో కనిపెట్టిన పద్ధతి ఇది. లామెల్లో అనే కంపెనీ పేరు దానితోనే వచ్చింది. 20 నంబరు బిస్కట్ పొడవు 56, వెడల్పు 23, మందం 4 మి.మీ. అంటే ఒక్కో ముక్కలోకి దిగేది 12 మి.మీ. లోపే. పలకల్ని పక్కపక్కన అతికించేటప్పుడు ఎగుడుదిగుడు లేకుండా ఉంచడానికి ఇంతకంటే హాయైన పరికరం లేదు. కుర్చీ కాలికి ఆ లోతు చాలదు. పాకెట్ హోల్ జిగ్ (వాలుగా రంధ్రం చేసి స్క్రూతో బిగించడానికి) గురించి కూడా ఇంతే: కబోర్డు ఫ్రేములకు పర్వాలేదు, ఊగులాట తట్టుకోవాల్సిన కుర్చీకి నేను వాడను.

డోవెల్ (రంధ్రంలో దిగే గుండ్రటి చెక్క మేకు) మెషీన్లలో మాఫెల్ తయారుచేసే జంట డ్రిల్లు రకం మంచిది. 32 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలు ఒకేసారి పడతాయి. కానీ గుండ్రటి రంధ్రంలో నార వెంబడి ఉండే గోడ కొంత భాగమే. చుట్టుకొలతలో చాలా భాగం కోత ముఖం వైపే తిరిగి ఉంటుంది. మా 65 మి.మీ. పట్టీలో లెక్కకు కావలసినన్ని డోవెళ్లు పట్టవు.

హాలో చిజల్ మోర్టైజర్ దగ్గర చాలాసేపు ఆగాం, ఎందుకంటే పెద్దమేస్త్రి మనసు దాని మీదే ఉంది. చతురస్రపు ఉలి, దాని లోపల తిరిగే ఆగర్ బిట్ (మెలికల డ్రిల్). లివర్ లాగితే నాలుగు మూలల బెజ్జం దిగుతుంది. చేతికి అలవాటైన రూపం, పాత పద్ధతిలోనే టెనన్. దానితో పని బాగా రావాలంటే కొన్ని నియమాలు పాటించాలి. ఆగర్ మొన ఉలి అంచు కంటే ఒకటి రెండు మి.మీ. బయటికి ఉండాలి. దగ్గరైతే రాసుకుని వేడెక్కి ఉలి నీలంగా మారుతుంది. ఉలి లోపలి అంచును శంకు ఆకారపు సాన రాయితో తరచూ పదును పెట్టాలి. ఉలి ఒక వెంట్రుకవాసి వంకరగా బిగిసినా బెజ్జం గోడ మెట్లుమెట్లుగా వస్తుంది. ఇవన్నీ మేస్త్రికి తెలుసు, ఓపికగా చేస్తారు కూడా. మా అసలు ఇబ్బంది వేరు. ఈ మెషీన్ బెజ్జం మాత్రమే కొడుతుంది. టెనన్ మళ్లీ రంపం మీద తీయాలి, పక్క పట్టీలకైతే వాలుగా తీయాలి. అంటే ఫిట్టింగు పని పోదు.

ఫెస్టూల్ డొమినో రకం చేతి మెషీన్ గురించి అందరూ చెబుతారు, న్యాయంగానే చెబుతారు. బిట్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగి, ఒక్క తోపులో సన్నటి పొడవాటి బెజ్జం తీస్తుంది. చిన్న మోడల్ డీఎఫ్ 500లో 4 నుంచి 10 మి.మీ. బిట్లు, 28 మి.మీ. వరకు లోతు. పెద్దది డీఎఫ్ 700లో 14 మి.మీ. బిట్ వరకు, 70 మి.మీ. లోతు వరకు. రెడీమేడ్ బీచ్ టెనన్లు దొరుకుతాయి. చిన్న మోడల్‌కి వచ్చే 10 మి.మీ. మందం, 50 పొడవు టెనన్ వెడల్పు 24. పట్టీలో ఒకదాని మీద ఒకటి రెండు పెడితే, ఒక్కోటి 25 లోతు దిగితే, బుగ్గల వైశాల్యం 2400 చదరపు మి.మీ. మా లెక్కకు దగ్గరే. కాబట్టి బలం తక్కువని దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

టెంప్లేటుతో (అచ్చు పలకతో) నడిచే పాంటోరౌటర్ కూడా చూశాం. టెంప్లేట్ అసలు జాయింటుకు రెట్టింపు సైజులో ఉంటుంది, అందువల్ల టెంప్లేటులో ఉన్న తేడా చెక్క మీద సగానికి తగ్గుతుంది. బెజ్జం, టెనన్ రెండూ అదే తీస్తుంది. టెనన్ పట్టీ చెక్కలోంచే రావాలని పట్టుబట్టేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

చివరిది స్లాట్ మోర్టైజర్. అడ్డంగా తిరిగే బిట్, దాని ముందు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదిలే బల్ల. చెక్కను బల్ల మీద బిగించి, లివర్లతో బిట్ మీదికి నడిపించాలి. పక్కకు ఎంత జరగాలో, ఎంత లోతు దిగాలో స్టాపులు ఆపుతాయి. కాలికీ ఇదే బెజ్జం, పట్టీ చివరకీ ఇదే బెజ్జం. రెండింటి మధ్య విడిగా చేసిన టెనన్ దిగుతుంది.

చెక్క రావాలా, మెషీన్ పోవాలా

డొమినో, స్లాట్ మోర్టైజర్ మధ్య తేల్చింది ఒకే ప్రశ్న: చెక్క మెషీన్ దగ్గరికి రాగలదా, లేక మెషీనే చెక్క దగ్గరికి పోవాలా? పెద్ద కబోర్డు పలక మధ్యలో బెజ్జం కావాలంటే పలకను బల్ల మీద నిలబెట్టడం కుదరదు. అక్కడ చేతి మెషీనే దిక్కు. కుర్చీ ముక్కలన్నీ చిన్నవి. చేత్తో తీసుకొచ్చి బల్ల మీద పెట్టడం తేలిక. పైగా 25 మి.మీ. పట్టీ చివర చేతి మెషీన్ ఫెన్స్ (ముక్కకు ఆనే పలక) ఆనించడానికి చోటు తక్కువ. తోసేటప్పుడు చెయ్యి కాస్త వాలితే బెజ్జమూ వాలుతుంది. మెషీన్‌ను కదలకుండా బిగించి, చెక్కను కదిపితే ఆ తేడాకు అవకాశమే లేదు. మా పనిలో ఎక్కువ భాగం కుర్చీలు, తలుపు ఫ్రేములు కనుక స్లాట్ మోర్టైజర్ వైపు మొగ్గాం. కబోర్డులే ప్రధానంగా చేసే వర్క్‌షాపు అయితే ఇదే లెక్కతో డొమినో తీసుకోవాలి, సందేహం లేదు.

నిర్ణయం ముందు తెలిసినవాళ్ల వర్క్‌షాపుల్లో అవే టేకు ముక్కలతో నమూనా జాయింట్లు చేయించి, జిగురు పూర్తిగా ఆరాక విరగ్గొట్టి చూశాం. కాలిని వైస్‌లో బిగించి, పట్టీ కొసకు బరువులు వేలాడదీశాం. బిస్కట్ జాయింటు ముందుగా వదిలేసింది, సన్నటి చెక్క పొర అంటుకుని బయటికొచ్చింది. డోవెల్ ఆ తర్వాత. రంపంతో తీసిన పాత పద్ధతి టెనన్, స్లాట్ మోర్టైజర్‌తో పెట్టిన విడి టెనన్ రెండూ ఒకేలా పోయాయి: జిగురు వదల్లేదు, కాలే బెజ్జం గోడ వెంబడి చీలింది. విరిగిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూశాక విడి టెనన్ మీద మేస్త్రికి ఉన్న అనుమానం తీరింది.

వాలు పట్టీల లెక్క

కుర్చీ సీటు ముందు వెడల్పుగా, వెనక ఇరుకుగా ఉంటుంది. అందువల్ల పక్క పట్టీలు కాళ్లను సూటిగా తాకవు. మా డిజైన్లో వాలు 5 డిగ్రీలు. పాత పద్ధతిలో ఈ వాలు టెనన్ దగ్గరే అసలు కష్టం. విడి టెనన్‌తో అది తేలికవుతుంది. పట్టీ చివరను 5 డిగ్రీల వాలుతో కోసి, ఆ కోత ముఖానికి నిటారుగా బెజ్జం తీస్తే చాలు. కాలిలో బెజ్జం మామూలుగానే, ముఖానికి నిటారుగా ఉంటుంది. వాలంతా పట్టీ కోతలోనే ముగిసిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, కొత్తగా చేసేవాళ్లు తప్పక చూసుకోవాలి. కోత ముఖానికి నిటారుగా వెళ్లే బెజ్జం పట్టీ పొడవుకు 5 డిగ్రీలు పక్కకు నడుస్తుంది. 30 మి.మీ. లోతుకు చేరేసరికి 2.6 మి.మీ. జరుగుతుంది. బెజ్జాన్ని సరిగ్గా మధ్యలో మొదలుపెడితే మొదట రెండు పక్కలా 7.5 మి.మీ. గోడ ఉంటుంది. అడుగుకు వెళ్లేసరికి ఒక పక్క 5 కంటే తక్కువే మిగులుతుంది. అందుకని బెజ్జాన్ని అది నడిచే వైపుకి వ్యతిరేకంగా 1.3 మి.మీ. జరిపి మొదలుపెట్టాలి. అప్పుడు రెండు పక్కలా ఎక్కడ చూసినా 6 మి.మీ.కి తగ్గదు. కుడి పట్టీకి జరిపే దిక్కు ఒకటి, ఎడమ పట్టీకి ఇంకొకటి. బల్ల మీద 5 డిగ్రీల చీలిక పలక ఒకటి స్థిరంగా బిగించి, కుడి ఎడమలకు రంగు వేసి పెట్టుకున్నాం.

ముందు కాళ్లలో రెండు పక్కల నుంచి వచ్చే బెజ్జాలు లోపల కలుస్తాయి. టెనన్ కొసలను 45 డిగ్రీలకు కోస్తే రెండూ ఒకదాన్నొకటి అడ్డుకోకుండా పూర్తి లోతు దిగుతాయి.

కొనే ముందు మెషీన్‌ను ఎలా పరీక్షించాం

కంపెనీ కాగితాల్లో మోటారు వాట్లు, బరువు ఉంటాయి. మాకు కావలసింది బల్ల నిలకడ. డయల్ గేజ్ (చిన్న కదలికను సూదితో చూపే పరికరం) ఒకటి తీసుకెళ్లాం. ముందు చక్‌లో (బిట్‌ను పట్టే భాగంలో) సూటిగా ఉన్న ఉక్కు కడ్డీ బిగించి, చేత్తో మెల్లగా తిప్పుతూ సూది చూశాం. స్పిండిల్ (బిట్‌ను తిప్పే ఇరుసు) 0.05 మి.మీ. అటూ ఇటూ తప్పితే 10 మి.మీ. బిట్ తీసిన బెజ్జం 10.1 వస్తుంది. అన్ని బెజ్జాలూ అలాగే వస్తే పెద్ద నష్టం లేదు, టెనన్ మందం దానికి సరిపెట్టుకోవచ్చు. ప్రమాదం ఎక్కడంటే ఆ తేడా నిలకడ లేకుండా మారుతున్నప్పుడు.

తర్వాత బల్లను పూర్తిగా బయటికి లాగి, ముందంచు మీద చేత్తో గట్టిగా నొక్కాం. చూసిన మెషీన్లలో ఒకదానిలో సూది స్పష్టంగా కదిలింది. పట్టీ బరువుకు, క్లాంపు ఒత్తిడికి బల్ల అలా కుంగితే బెజ్జం వాలుతుంది, పక్కపక్క ముఖాలు సమంగా రావు. దాన్ని అక్కడే వదిలేశాం. పోత ఇనుప బల్ల ఉన్నదాన్ని ఎంచుకున్నాం. స్టాపుల్ని గట్టిగా కొట్టి చూడటం కూడా మరచిపోకూడదు. వంద సార్లు తగిలినా జరగని స్టాపు లేకపోతే, ఒకేలాంటి బెజ్జాలు అనే మాటకే అర్థం ఉండదు.

పని మొదలయ్యాక

టెనన్ కడ్డీలను ఇప్పుడు మేమే చేస్తున్నాం. టేకు తుండు ముక్కల్ని థిక్‌నెసర్‌లో (చెక్కను ఒకే మందానికి దించే మెషీన్) పొడవాటి పట్టీలుగా దించి, ఒక నమూనా బెజ్జంలో పెట్టి చూస్తాం. సుత్తి అవసరం లేకుండా చేత్తో దిగాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. మరీ బిగుతైతే జిగురు అంతా పైకే తుడుచుకుపోయి లోపల ఏమీ మిగలదు. ఆ ఒక్క సరిచూపు అయ్యాక అంచుల్ని 5 మి.మీ. వ్యాసార్ధం బిట్‌తో గుండ్రం చేసి, బ్యాచ్ మొత్తానికి ముక్కలు కోస్తాం. బెజ్జం మొత్తం లోతు టెనన్ కంటే రెండు మి.మీ. ఎక్కువ ఉంచుతాం, మిగులు జిగురు పోవడానికి. ఎత్తులో కూడా కాస్త వదులు పెడతాం, బిగించేటప్పుడు పట్టీని పైకీ కిందకీ సర్దుకోవచ్చు.

టేకుతో రెండు జాగ్రత్తలు. అందులో సిలికా ఉండటం వల్ల బిట్లు త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ బిట్లే వాడాలి, గోడ గరుకుగా వస్తోందంటే ఆగకుండా మార్చాలి. రెండు, టేకులో నూనె ఉంటుంది. కోసిన రోజే జిగురు పెట్టడం, అంతకుముందు టెనన్‌నూ బెజ్జాన్నీ అసిటోన్‌తో తుడవడం మా దగ్గర నియమం. లోతు మొత్తం ఒకేసారి దించకుండా, నాలుగైదు మి.మీ. చొప్పున పక్కకు నడిపిస్తూ దిగితే బిట్ వణకదు, పొట్టు కూడా సరిగా బయటికొస్తుంది.

కుర్రాళ్లకు నేర్పాల్సింది మెషీన్ నడపడం కంటే ఎక్కువగా ముఖాల గుర్తు. ప్రతి ముక్కకూ ఒక ముఖం ఎంచి పెన్సిల్ గుర్తు పెడతాం, ఆ ముఖం ఎప్పుడూ బల్లకే ఆనాలి. అలా చేస్తే బెజ్జం సరిగ్గా మధ్యలో లేకపోయినా రెండు ముక్కలూ ఒకే వైపు ఒకే దూరంలో ఉంటాయి కనుక జాయింటు సమంగా కలుస్తుంది. చెక్కను క్లాంపు లేకుండా చేత్తో పట్టుకుని లివర్ లాగడం మా దగ్గర నిషేధం. బిట్ మార్చేటప్పుడు ప్లగ్ తీసి పక్కన పెట్టాలి.

సెట్టు కుర్చీల్లో ఫిట్టింగు అనే దశే దాదాపు లేకుండా పోయింది. ముక్కలకు జాయింటు నంబర్లు వేయడం మానేశాం. ఏ టెనన్ అయినా ఏ బెజ్జంలోనైనా దిగుతుంది. పెద్దమేస్త్రి ఇప్పుడు ఆ సమయాన్ని వెనక కాళ్లకు నార వంపు చూసి చెక్క ఎంచడంలో పెడుతున్నారు. జాయింటు ఎంత బాగున్నా అడ్డనార ఉన్న కాలు విరుగుతుంది కనుక అది ఆయన చెయ్యి పడాల్సిన పనే.

ఈ మెషీన్‌తో తీరని పని కూడా ఉంది. లావాటి వాకిలి తలుపులకు పట్టీ వెడల్పు మొత్తం దాటి బయటికి కనిపించే టెనన్ పెట్టి, చీలికలు కొట్టి బిగించమని అడిగేవాళ్లు ఉన్నారు. మా 10 మి.మీ. బిట్ అంత లోతు అందుకోదు. రెండు వైపుల నుంచి తీసి కలిపినా, చీలిక కోసం చివరను వెడల్పు చేయడం, కనిపించే మూలల్ని చతురస్రంగా తీర్చడం ఉలి పనే. పొడవాటి తలుపు నిలువులకు బల్ల పక్కన రోలర్ స్టాండ్లు పెట్టినా ఒక్కరు సంబాళించలేరు, ఇద్దరు ఉండాలి. అలాంటి తలుపుల్ని మేం ఇప్పటికీ డ్రిల్‌తో మొదలుపెట్టి, మేస్త్రి ఉలితోనే ముగిస్తున్నాం, అందుకు పట్టే సమయాన్ని ఆర్డరు తీసుకునేటప్పుడే చెబుతున్నాం.